వెలుగు దూరని అంచు

వృత్తిశిక్షణకై ప్రభుత్వములు వేలకోట్లు వెచ్చించుచున్నవి. ఆ ధనము నేర్చుకొను చేతిని చేరువరకు వెన్నంటి చూచువారేరి?

ఒక కోస్తా పట్టణమందలి ప్రభుత్వ ఐ.టి.ఐ.లో, రేకులకప్పు క్రింద బారుగా సాగిన ఫిట్టర్ షెడ్డులో, ఉదయము పదిగంటలవేళ, పదునేడేండ్ల బాలుడొకడు వైసులో బిగించిన ఇనుపబిళ్లను ఆకురాయితో రుద్దుచున్నాడు. ఆకురాయి ముందునకు సాగునప్పుడు బలము పెట్టవలెను. వెనుకకు వచ్చునప్పుడు చేయి తేలిక చేయవలెను. భుజము కదలవలెనే గాని మణికట్టు ఊగరాదు. చూచువారికి ఇది క్షణములో పట్టుబడు పనివలె తోచును. కాని ఆ బాలుడు మూడు దినములుగా ఆ బిళ్ల యొక్క ఒక్క ముఖమునే చదును చేయుచున్నాడు. ఇన్‌స్ట్రక్టర్ వచ్చి, బిళ్లను వైసునుండి విప్పి, గుడ్డతో తుడిచి, మూలమట్టపు అంచును దానిపై నిలిపి, కిటికీ వెలుగునకు ఎత్తి పట్టెను.

“చివర్ల దగ్గర వెలుతురొస్తోంది, చూశావా? చెయ్యి ఊగుతోందన్నమాట. నడుమ ఎత్తుగా ఉంది, అది దింపు.”

“ఇంకా ఎంతసేపు రుద్దాలి సార్?”

“వెలుతురు పోయేదాకా.”

ఆ బిళ్ల ఏ యంత్రములోను అమరదు. ఏ అంగడిలోను అమ్ముడుపోదు. పాఠము ముగిసిన పిదప అది మూలనున్న తుక్కుకుప్పలో పడును. మిగులునది ఆ బాలుని మణికట్టులో కుదురుకొన్న స్థైర్యమొక్కటే. ఆ స్థైర్యమునకై ప్రజాధనము నాలుగు రూపములలో వ్యయమైనది: గురువు జీతముగా, ఆకురాయిగా, ఇనుముగా, మూడు దినముల కాలముగా. వృత్తిశిక్షణకు ప్రభుత్వము చేయు వ్యయమంతయు, అది వందల రూపాయలైనను వేలకోట్లైనను, ఈ నాలుగింటిలో ఏదో యొకటిగా మారి నేర్చుకొను చేతిని తాకినప్పుడే విద్య యగును. తాకనంతవరకు అది పద్దుపుస్తకములోని అంకెగానే నిలుచును. ఈ వ్యాసమున చెప్పదలచినదెల్ల ఈ యొక్క మాటయే.

చందాలనుండి సర్కారు పద్దువరకు

చేతిపని నేర్పుటకు ధనము పెట్టు బాధ్యత ఎవరిదను ప్రశ్న తెలుగువారికి క్రొత్తది కాదు. 1910లో మచిలీపట్టణమందు కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారలు ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పినప్పుడు, అక్షరవిద్య సరసన చేతిపనులను కూర్చుండబెట్టి, పరప్రభుత్వముపై ఆధారపడక ప్రజల చందాలతో దానిని నడిపిరి. పుస్తకము పట్టిన చేయి ఉలి పట్టుటకు సిగ్గుపడరాదను సంకల్పమే ఆ మహనీయులను నడిపినది. 1937లో వార్ధాలో గాంధీమహాత్ముడు వృత్తికేంద్రమైన విద్యను దేశము ముందుంచునాటికి, బందరు ఆ దారిన పాతికేండ్లు నడచియుండెను.

చందాలతో ఒక కళాశాల నిలువగలదు. ఒక దేశము నిలువజాలదు. రెండవ ప్రపంచయుద్ధము ముగియు తరుణమున, 1945లో, సైన్యమునుండి విడుదలయై యిండ్లకు మరలు సైనికులకు బ్రతుకుతెరువు చూపుటకై కేంద్రప్రభుత్వము పునరావాసమునకు, ఉపాధికి ఒక ప్రత్యేక డైరెక్టరేట్‌ను ఏర్పరచెను. అంతలో దేశవిభజన జరిగి, ఇల్లువాకిళ్లు విడిచి కట్టుబట్టలతో తరలివచ్చిన లక్షలాది శరణార్థుల భారమును సైతము ఆ కార్యాలయము మోయవలసివచ్చెను. ఆ యనుభవమునుండియే 1950లో క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ పథకము పుట్టి, దేశమంతట సుమారు 50 శిక్షణసంస్థలు తెరువబడినవి. నేడు మనము ఐ.టి.ఐ. అను మూడక్షరములతో పిలుచుకొను సంస్థకు మూలము అదియే. పాఠ్యక్రమమును, పరీక్షలను దేశమంతట ఒకే తీరున నడుపుటకు 1956లో జాతీయ వృత్తిశిక్షణ మండలి ఏర్పడినది. సంస్థల నిర్వహణభారము రాష్ట్రములకు సంక్రమించినది. 1961లో అప్రెంటిస్ చట్టము వచ్చి, పని నేర్చుకొను యువకునికి కర్మాగారపు తలుపు తెరచినది.

ఆ కాలపు హైదరాబాదు ఈ ప్రయత్నమునకు చక్కని నిదర్శనము. 1943లో స్థాపితమైన ప్రాగా టూల్స్‌కు తోడు, 1960ల దశకమున రామచంద్రాపురమందు బి.హెచ్.ఇ.ఎల్., ఆపై హెచ్.ఎం.టి., ఇ.సి.ఐ.ఎల్. వంటి ప్రభుత్వరంగ కర్మాగారములు ఒకటి వెంట ఒకటి వెలసినవి. 1968లో అంతర్జాతీయ కార్మికసంస్థ సహాయముతో బాలానగరమందు సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఏర్పడినది. పదవతరగతి ప్యాసైన పేదయింటి పిల్లవాడు ఐ.టి.ఐ.లో రెండేండ్లు చదివి, కర్మాగారములో అప్రెంటిస్‌గా మరియొక యేడు గడిపి, ఆపై అక్కడనే కొలువు సంపాదించి, చెల్లెలి పెండ్లి చేసి, తల్లిదండ్రులకు పెంకుటింటి స్థానమున డాబా వేసిన ఉదంతములు బాలానగరము చుట్టుప్రక్కల ప్రతి వీధిలోను వినబడును. శిక్షణకు పెట్టిన పెట్టుబడి ఆనాడు ఫలించుటకు కారణము స్పష్టము: పని నేర్పినదియు ప్రభుత్వమే, నేర్చినవానికి పని యిచ్చినదియు ప్రభుత్వమే. ధనము ఒక చేతినుండి వెడలి, కుశలుడైన పనివాని రూపమున మరియొక చేతికి తిరిగివచ్చెడిది.

తలల లెక్క, చేతుల లెక్క

ప్రభుత్వరంగమందు కొలువులు తగ్గి, ప్రయివేటురంగము విస్తరించిన పిదప ఆ వలయము తెగిపోయెను. నేర్పువాడొకడు, పని యిచ్చువాడొకడు, ధనము పెట్టువాడు వేరొకడు అయినప్పుడు మువ్వురను కలుపు క్రొత్త యేర్పాటు కావలసివచ్చినది. 2008లో ప్రభుత్వము, పరిశ్రమలు వాటాదారులుగా జాతీయ నైపుణ్యాభివృద్ధి సంస్థ ఏర్పడెను. 2009 నాటి జాతీయ విధానము 2022 నాటికి 50 కోట్లమందికి నైపుణ్యము కల్పింపవలెనని మహత్తర లక్ష్యము నిర్దేశించెను. 2014 నవంబరులో ఇందుకై ప్రత్యేక మంత్రిత్వశాఖయే యేర్పడినది. 2015 జూలై 15న స్కిల్ ఇండియా మిషన్‌తోపాటు ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన ప్రారంభమైనది. మొదటి విడతకు రూ. 1,500 కోట్లు, 24 లక్షలమంది. 2016 నుండి 2020 వరకు రెండవ విడతకు రూ. 12,000 కోట్లు, కోటిమంది. ఇంత ధనము ఇంత తక్కువకాలములో వృత్తిశిక్షణకు కేటాయింపబడుట దేశచరిత్రలో అపూర్వము. ఆ సంకల్పమును శంకింపవలసిన పనిలేదు.

అయితే ధనము వెడలిన కాలువ ఎట్లుండెనో చూడవలెను. ఈ పథకమున శిక్షణ నిచ్చు కేంద్రమునకు సొమ్ము మూడు వాయిదాలలో చెల్లించు పద్ధతి యేర్పడినది: తరగతి ప్రారంభమైనప్పుడు నూటికి 30 వంతులు, అభ్యర్థి పరీక్ష గట్టెక్కి సర్టిఫికెట్ పొందినప్పుడు 50, అతనికి పని దొరకినప్పుడు మిగిలిన 20. చూచుటకిది న్యాయముగనే కనబడును. కాని సర్టిఫికెట్ చేతికి వచ్చునప్పటికే ఐదింట నాలుగు వంతుల సొమ్ము కేంద్రమునకు ముట్టెడిది. మిగిలిన ఒక్క వంతుకై నెలల తరబడి యువకుల వెంట తిరుగుటకంటె, క్రొత్త తరగతి ప్రారంభించి మొదటి వాయిదా పుచ్చుకొనుటయే లాభసాటి యయ్యెడిది. దోషము మనుష్యులదని త్రోసిపుచ్చుట సులభము. కాని నీరు పల్లమెరుగును. ధనము ఏ వాలున పారునో పనియు ఆ వాలుననే సాగును.

దాని ఫలితము కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదికలో కనబడుచున్నది. 2015 నుండి 2022 వరకు ఈ పథకము నడచిన తీరును పరిశీలించి 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుంచిన ఆ నివేదిక, తాను పరిశీలించిన అభ్యర్థుల వివరములలో నూటికి తొంభైకి పైగా బ్యాంకు ఖాతా గడి ఖాళీగానో, సున్నలతోనో, అర్థములేని గుర్తులతోనో నిండియున్నదని వెల్లడించెను. స్వల్పకాలిక శిక్షణలో సర్టిఫికెట్ పొందినవారిలో కొలువు దొరకినవారు సగమునకు చేరలేదు. నాలుగవ విడతకు వచ్చునప్పటికి స్వల్పకాలిక శిక్షణకు ఉద్యోగముతోనున్న ముడియే తొలగిపోయినది. ఖాతాసంఖ్య వ్రాయవలసిన గడిలో సున్నలు వ్రాయబడినచోట, ఆ గడి వెనుకనున్న యువకుడెవడు, అతడేమి నేర్చెను, నేడెచ్చట నున్నాడు అను ప్రశ్నలకు ప్రత్యుత్తరము చెప్పగలవారెవరు? తలలను లెక్కించితిమి, చేతులను మరచితిమి.

గంటలు చెప్పు నిజము

విద్యకు కాలము ప్రాణము. 2022లో సవరించిన పాఠ్యక్రమము ప్రకారము ఐ.టి.ఐ.లో ఒక్కొక్క యేడు 1,200 గంటల శిక్షణ. అందులో 840 గంటలు చేతితో చేయు పనికే. ఫిట్టర్ వంటి రెండేండ్ల ట్రేడ్‌లో ఆ లెక్క రెట్టింపగును. స్వల్పకాలిక శిక్షణలలో మొత్తము కాలము కొన్ని వందల గంటలకు మించదు. కుట్టుపనికో, దుకాణములో అమ్మకపు పనికో, కంప్యూటరులో వివరములెక్కించు పనికో ఆ గంటలు చాలవచ్చును. లేత్ ముందు నిలిచి వెంట్రుకవాసి తేడాను వ్రేలికొనతో గుర్తింపగల పనివాడు ఆ గంటలలో తయారు కాడు. రెండును అవసరమే, కాని రెండింటిని ఒకే సర్టిఫికెట్ల రాశిలో పోసి లెక్కించుటవలన దీర్ఘశిక్షణకు అన్యాయము జరుగుచున్నది. ఏలయన, ఒక ఫిట్టరును తీర్చిదిద్దు వ్యయముతో స్వల్పశిక్షణ సర్టిఫికెట్లు అనేకము సంపాదింపవచ్చును; సంఖ్య చూపవలసిన అధికారికి ఏది సులభమో వేరుగ చెప్పనక్కరలేదు.

కేంద్రప్రభుత్వపు 2023-24 ఆర్థికసర్వే ప్రకారము, 15 నుండి 29 ఏండ్ల లోపు యువతీయువకులలో క్రమబద్ధముగా వృత్తిశిక్షణ పొందినవారు నూటికి 4.4 మంది మాత్రమే, మరియొక 16.6 మంది ఇతర మార్గములలో పని నేర్చినవారు. ఆ యితర మార్గములే మన దేశపు అసలైన పాలిటెక్నిక్. తండ్రి వెంట మగ్గపుగుంటలో దిగిన పిల్లవాడు, మేనమామ వెంట బైకు మెకానిక్ షెడ్డుకు పోయినవాడు, మేస్త్రి వెంట పరంజా ఎక్కినవాడు. మట్టిపనికి, ఆనకట్టల పనికి దేశమంతట పేరొందిన పాలమూరు కూలీలను, సిక్కోలునుండి నగరములకు తరలివచ్చి అంతస్తులు లేపు తాపీపనివారిని ఏ కళాశాలయు తయారు చేయలేదు. పడియో, లేచియో చేయి తిరుగువరకు వారికి గురువు మేస్త్రియే. గురుదక్షిణ సగము కూలి.

ఇట్టి పనివాని నైపుణ్యమును పరీక్షించి గుర్తింపుపత్రమిచ్చు పద్ధతి కౌశల్ యోజనలో కలదు. ఇరువదియేండ్లు రసమట్టము పట్టినవానికి ప్రభుత్వము గౌరవపత్ర మిచ్చుట మంచిదే. కాని అది గుర్తింపే యగును గాని శిక్షణ కాదు. వానికి నిజముగా కావలసినది, తెలియని క్రొత్తపనిని నేర్చుకొను అవకాశము. దానికంటె ముందు, నేర్చుకొను దినములలో పొయ్యిలో పిల్లి పండుకొనకుండ జరుగు ఏర్పాటు. దినకూలికి శిక్షణ ఉచితము కాదు; పోయిన కూలియే దాని రుసుము. ఈ సత్యమును గుర్తించిన పథకములలో 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ ఒకటి. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, తాపీమేస్త్రి మొదలగు 18 వృత్తులవారికి శిక్షణదినమునకు రూ. 500 భృతియు, పనిముట్లకై రూ. 15,000 విలువగల సహాయమును అందు ఏర్పరచిరి. భృతి, పనిముట్టు అను రెండు మాటలు ఒకే పద్దులో చేరుటలోనే ఆ పథకపు వివేకము కలదు.

ఏడువేలలో ఒక నెల

ఐ.టి.ఐ. తలుపు దాటిన యువకుని కథ అప్రెంటిస్ భృతితో మొదలగును. 2019లో సవరించిన నియమముల ప్రకారము చదువునుబట్టి కనీసభృతి నెలకు రూ. 5,000 నుండి రూ. 9,000 వరకు, ఐ.టి.ఐ. ముగించినవానికి రూ. 7,000. 30 మందియో అంతకు మించియో పనివారున్న సంస్థలు తమ సిబ్బందిలో నూటికి రెండున్నర నుండి పదునైదు వంతులవరకు అప్రెంటిస్‌లను తీసికొనితీరవలెను. 2016లో వచ్చిన జాతీయ పథకము ద్వారా కేంద్రప్రభుత్వము ఆ భృతిలో నాలుగవవంతును, నెలకు రూ. 1,500 మించకుండ, తాను భరించుచున్నది. భృతిని 36 శాతము పెంచవలెనని 2025లో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫారసు చేసినది.

ఆ ఏడువేల రూపాయలను ఒక జిల్లాయువకుని చేతిలో పెట్టి చూడుడు. నగరశివారున నలుగురితో పంచుకొన్న గదికి అద్దె, కర్రీపాయింటులో రెండు పూటల కూర, బస్సుపాసు, ఇంటికి ఫోను. ఇవి పోగా ఇంటికి పంపుటకేమియు మిగులదు. అదే వీధిలో అదే యీడు స్నేహితుడు భోజనపు పొట్లములు చేరవేయుచు అంతకు రెట్టింపు సంపాదించుచున్నాడు. ఏడాది ఓర్చుకొనిన పక్షమున ఆ ఫిట్టరు జీవితాంతము నిలుచు వృత్తిని సంపాదించును. కాని ఓర్పునకు కూడ ఇంటివెనుక కొంత ఆస్తి యుండవలెను. లేనివాడు వృత్తిని విడిచి పొట్లము పట్టును. అప్పుడు అతనిపై రెండేండ్లు వెచ్చించిన గురువు జీతము, ఇనుము, ఆకురాయి, కాలము, అన్నియు వృథా యగును. భృతిలో మిగిల్చిన కొద్ది సొమ్మునకై శిక్షణలో పెట్టిన పెద్ద సొమ్మును పోగొట్టుకొనుట గృహస్థు చేయని పొదుపు, ప్రభుత్వమును చేయరాదు.

ఇతర దేశములు ఈ చిక్కును తమ తమ రీతుల విప్పుకొనినవి. 1969 నాటి చట్టముతో స్థిరపడిన జర్మనీ పద్ధతిలో యువకుడు వారములో కొంతభాగము కర్మాగారమునను, కొంతభాగము వృత్తిపాఠశాలలోను గడుపును. కర్మాగారపు వ్యయమును, భృతిని యజమాని భరించును, పాఠశాలను ప్రభుత్వము భరించును. సింగపూరు 1979లోనే యజమానులనుండి సుంకము వసూలుచేసి నైపుణ్యనిధి నెలకొల్పెను. బ్రిటను 2017 ఏప్రిల్‌నుండి, ఏటా 30 లక్షల పౌండ్లకు మించి జీతములు చెల్లించు సంస్థలవద్ద, ఆ మించిన మొత్తముపై అర శాతము అప్రెంటిస్ సుంకముగా పుచ్చుకొనుచున్నది. కుశలుడైన పనివానివలన లాభపడువాడు వాని తయారీకి కొంత ఇచ్చుకొనవలెనన్నదే ఇందలి ధర్మము. మనదేశమందు 1996 చట్టముతో మొదలుకొని కట్టడముల వ్యయముపై ఒక శాతము సుంకము నిర్మాణకార్మికుల సంక్షేమమునకు వసూలగుచున్నది. ఆ నిధిలో కొంత పరంజామీది పిల్లవానిని మంచి మేస్త్రిగా తీర్చుటకు వినియోగించుట ఆ సుంకపు ఆశయమునకు దూరము కాదు.

రెండు రాష్ట్రములు, రెండు పూనికలు

తెలుగునేలపై ఈ విషయమున ఉత్సాహమునకు కొరత లేదు. ఉమ్మడి రాష్ట్రమందు 1998లో హైదరాబాదున నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ వెలసి, కట్టడపు పనులకు పద్ధతిగా శిక్షణ నిచ్చుట నేర్పినది. 2005లో గ్రామీణయువతకు శిక్షణయు ఉపాధియు కలిపి చూపుటకు ప్రత్యేక మిషన్ ఏర్పడినది. రాష్ట్రవిభజన తరువాత ఆంధ్రప్రదేశ్ నైపుణ్యాభివృద్ధిసంస్థను, తెలంగాణ ‘టాస్క్’ అను తన నైపుణ్యసంస్థను స్థాపించుకొన్నవి. 2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నైపుణ్యగణన చేపట్టుటకు నిర్ణయించినది. ఎవనికేమి వచ్చునో, ఏ పరిశ్రమకేమి కావలెనో తెలిసికొని ధనము వెచ్చింపవలెనను ఆలోచన సముచితమే. తెలంగాణ 2024లో యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీకి శ్రీకారము చుట్టినది. అదే యేడు జూన్‌లో మల్లేపల్లి ఐ.టి.ఐ. ఆవరణలో శంకుస్థాపన జరిపి, టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ప్రభుత్వ ఐ.టి.ఐ.లను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చుటకు సుమారు రూ. 2,324 కోట్ల పథకము చేపట్టినది.

కేంద్రప్రభుత్వము సైతము ఐ.టి.ఐ.ల వైపు మరల దృష్టి సారించినది. 2025 మే నెలలో మంత్రివర్గమామోదించిన పథకము ఐదేండ్లలో రూ. 60,000 కోట్లతో వేయి ప్రభుత్వ ఐ.టి.ఐ.లను పునరుద్ధరింప దలచినది. అందు కేంద్రము వాటా 30,000 కోట్లు, రాష్ట్రములది 20,000 కోట్లు, పరిశ్రమలది 10,000 కోట్లు. గురువులకు శిక్షణనిచ్చుటకు ఎంపికైన ఐదు జాతీయకేంద్రములలో హైదరాబాదు ఒకటి. దేశమందు ఐ.టి.ఐ.లు పదునాలుగు వేలకు పైబడియుండగా, సీట్లలో సుమారు సగము ఖాళీగా మిగులుచున్న తరుణమున ఈ పూనిక ఆలస్యముగ వచ్చినను హర్షింపదగినదే.

అయినను ఒక్క హెచ్చరిక చేయక తప్పదు. రోబో చేయి, త్రీడీ ప్రింటరు, కంప్యూటరుతో నడచు లేత్ ఐ.టి.ఐ.కి వచ్చుట పండుగయే. కాని యంత్రమునకు ప్రారంభోత్సవమొక్కటి చాలదు. అరిగిన పనిముట్టును మార్చుటకు ప్రతి యేడు సొమ్ము కావలెను. కరెంటుబిల్లు ప్రతి నెల కట్టవలెను. దానిని నేర్పగలవాడు ప్రతి దినము రావలెను. ఐ.టి.ఐ.లలో ఇన్‌స్ట్రక్టర్ల ఖాళీలను గూర్చి పార్లమెంటు స్థాయీసంఘము సైతము హెచ్చరించినది. గంటల లెక్కన గౌరవవేతనము తీసికొను అతిథిబోధకుడు వచ్చు నెల తానుండునో లేదో ఎరుగడు. అట్టివాడు పిల్లవాని మణికట్టును మూడు దినములు ఓపికతో దిద్దునని ఆశించుట న్యాయము కాదు. వెల్డింగ్ రాడ్లు అయిపోయిన నెలలో వెల్డింగ్ పాఠము నల్లబల్లపై బొమ్మగా మారును. బొమ్మ చూచి అతుకుట నేర్చినవాడెవడును లేడు.

ఈ విద్య నిజమో బూటకమో తేలు చోట్లు మనకు దూరమున లేవు. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల పల్లెలనుండి, కోనసీమనుండి గల్ఫ్‌నకు పోవు వేలాది యువకులలో హెల్పరుగా విమానమెక్కినవానికిని, పని నేర్చిన ఎలక్ట్రీషియనుగా ఎక్కినవానికిని జీతములో ఎంత అంతరమో ఆ యిండ్లలోని తల్లులకు బాగుగా తెలియును. సౌదీ అరేబియా కొన్ని వృత్తులవారు బయలుదేరుటకు ముందే స్వదేశమందు నైపుణ్యపరీక్ష గట్టెక్కవలెనను నియమమును అమలు పరచుచున్నది. ఆ పరీక్షాధికారి ముందు సర్టిఫికెట్ మాటలాడదు; చేయి మాటలాడవలెను.

బాట చూపిన యొక చిన్న సంస్థ

మంచి మార్గమునకై ఎక్కడికో పోనక్కరలేదు. 1982లో కర్ణాటకమందలి ఉజిరెలో ధర్మస్థల క్షేత్రపు సంస్థ, సిండికేట్ బ్యాంకు, కెనరా బ్యాంకు కలిసి గ్రామీణయువతకు స్వయంఉపాధి శిక్షణకేంద్రమొకటి ప్రారంభించినవి. అదియే ఆదర్శముగా నేడు దేశమంతట జిల్లాకొకటి చొప్పున బ్యాంకుల ఆధ్వర్యమున ఆర్.సెటీ అను శిక్షణకేంద్రములు నడచుచున్నవి, మన జిల్లాలలోను కలవు. అందలి విశేషము తరగతిగదిలో లేదు, తరగతి ముగిసిన తరువాత నున్నది. శిక్షణ పొందినవారికి బ్యాంకుఋణము ఇప్పించి, రెండేండ్లవరకు వారి దుకాణమో, పాడియో, టైలరింగ్ మిషనో ఎట్లు నడచుచున్నదో వెంటబడి విచారింతురు. నేర్పిన చేతిని విడువకుండుటయే ఆ పద్ధతికి ఊపిరి.

ఈ నీతినే పెద్దపథకములకు అన్వయింపవలెను. మొదటిది, ప్రభుత్వ ఐ.టి.ఐ.లలోని ప్రతి ఇన్‌స్ట్రక్టర్ ఖాళీని స్థిరనియామకముతో నింపి, ఆ గురువును కొన్నేండ్లకొకమారు కర్మాగారమునకు పంపి తిరిగి నేర్పించవలెను. రెండవది, ఇనుము, రాడ్లు, తీగలు, దారము వంటి ముడిసరుకు పద్దును భవనముల పద్దునుండి వేరుచేసి, విద్యాసంవత్సరము తెరువక పూర్వమే విడుదల చేయవలెను. మూడవది, శిక్షణకేంద్రములకిచ్చు ధనములో పెద్దవాటా సర్టిఫికెట్ దినమున గాక, యువకుడు పనిలో కుదురుకొని నెలలు గడచిన పిదప, అతని జీతము బ్యాంకులో పడినట్లు తేలిన పిదప చెల్లింపవలెను. నాలుగవది, అప్రెంటిస్ భృతి కనీసము గదికి, కూటికి, బస్సుకు చాలవలెను. ఆడపిల్లలకు హాస్టలో, నమ్మదగిన బస్సో లేనిచోట సీట్ల రిజర్వేషన్ కాగితముమీదనే నిలిచిపోవునని గ్రహింపవలెను. ఐదవది, ప్రతి సంస్థయు గడచిన మూడేండ్లలో తన తలుపు దాటినవారెందరు, వారిలో నేర్చిన వృత్తిలోనే యున్నవారెందరు అను రెండంకెలను గుమ్మమువద్ద పెద్ద అక్షరములతో వ్రాయించి పెట్టవలెను. వీనిలో ఏదియు అసాధ్యము కాదు. అన్నిటికిని క్రొత్త ధనము సైతము అక్కరలేదు. ఉన్న ధనము పారు వాలును మార్చిన చాలును.

పాఠకులకొక విన్నపము. పదవతరగతి ఫలితములు వెలువడగానే మనమందరము కళాశాలల ప్రకటనలు చూతుము. ఈమారు మీ మండలమందో, ప్రక్కపట్టణమందో ఉన్న ప్రభుత్వ ఐ.టి.ఐ.కి ఒకమారు పోయి రండు. ప్రిన్సిపాలుగారిని మూడు ప్రశ్నలడుగుడు: ఇన్‌స్ట్రక్టర్లు ఎందరుండవలెను, ఎందరున్నారు? ఈ యేడు ముడిసరుకు సొమ్ము ఏ నెలలో అందినది? నిరుడు చదువు ముగించిన పిల్లలు నేడెచ్చట పనిచేయుచున్నారు? వారు చెప్పిన జవాబులను మీ శాసనసభ్యుని వద్దకు తీసికొనిపొండు. ప్రజలు అడిగినచో బడికి గోడ వచ్చినది, ఊరికి రోడ్డు వచ్చినది. అడిగినచో షెడ్డుకు గురువును వచ్చును.

నేను ఆ కోస్తా పట్టణమునుండి మరలివచ్చు దినమున ఆ ఫిట్టర్ షెడ్డులోనికి తిరిగి తొంగిచూచితిని. ఇన్‌స్ట్రక్టర్ ఆ బిళ్లపై మూలమట్టమును నిలిపి కిటికీవైపు ఎత్తి చూచెను. ఏ వైపునను వెలుగు దూరలేదు. ఆయన ఒక్క మాటయు చెప్పక, సుద్దముక్కతో దానిపై గుర్తుపెట్టి, “రెండో ముఖం మొదలెట్టు” అని ముందుకు నడచిపోయెను.